పాత ఎంటీబీ ఫ్రేమ్ మీద పనికిరాని బ్రేక్ స్టడ్‌లు: ఎంత కోశాం, ఎంత వదిలాం

ఈ మౌంటెన్ బైక్ (ఎంటీబీ) సైకిల్ ఫ్రేమ్ వయసు పాతికేళ్ల పైమాటే. 2000 ప్రాంతంలో అమెరికాలో అమ్ముడైన స్టీల్ హార్డ్‌టెయిల్, అంటే వెనక సస్పెన్షన్ లేని రకం. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన స్టీల్) ట్యూబులు, టిగ్ వెల్డింగ్, వెనక హబ్‌కి 135 మిల్లీమీటర్ల చోటు, 26 అంగుళాల చక్రాలకు కట్టిన కొలతలు. ఓనర్ కూకట్‌పల్లిలో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అమెరికాలో చదువుకునే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు తెచ్చుకున్నాడు. రోజూ ఆఫీసుకి ఇదే బండి, వీలైన ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి. పెయింట్ చాలాచోట్ల లేచిపోయింది, కంపెనీ స్టిక్కర్లు ఎప్పుడో పోయాయి. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పద్ధతి) చేయించాలని నిర్ణయించుకుని, దానికి ముందు నా దగ్గరికి తెచ్చిన పని ఒక్కటే: "అన్నా, వెనకున్న ఈ రెండు కొమ్ములు తీసేయాలి."

కొమ్ములన్నవి వీ-బ్రేక్ (రిమ్‌ని రెండు పక్కలా ప్యాడ్‌లతో నొక్కే బ్రేకు) స్టడ్‌లు. సీట్‌స్టేల (సీటు దగ్గర్నుంచి వెనక యాక్సిల్‌కి దిగే రెండు ట్యూబులు) వెనకవైపు, యాక్సిల్ నుంచి సుమారు 255 మిల్లీమీటర్ల దూరంలో, ఒక్కో సీట్‌స్టేకి ఒకటి అతికి ఉంటుంది. బయటికి కనిపించే పిన్ను 8 మిల్లీమీటర్ల లావు, 16 మిల్లీమీటర్ల పొడవు, లోపల ఎం6 (6 మిల్లీమీటర్ల) మర. బ్రేకు చెయ్యి ఈ పిన్ను మీద తిరుగుతుంది, బోల్టు దాన్ని ఊడిపోకుండా పట్టి ఉంచుతుంది. పిన్ను మొదట్లో స్ప్రింగు కొస దూర్చడానికి మూడు రంధ్రాల పలక ఉంటుంది. వీ-బ్రేకు కంటే ముందున్న కాంటిలీవర్ బ్రేకుల నాటి ఏర్పాటు ఇది. 1996లో షిమానో వీ-బ్రేకు తెచ్చినప్పుడు కూడా ఇదే స్టడ్‌ని వాడుకుంది కాబట్టి ఫ్రేములు మార్చాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకే డిస్క్ బ్రేకులు మామూలు బండ్లకీ వచ్చాయి. ఏది నిలబడుతుందో తెలియని ఆ సంధికాలంలో కంపెనీలు రెండూ పెట్టేశాయి. పైన వీ-బ్రేకుకి స్టడ్‌లు, కింద ఎడమ డ్రాపౌట్ (యాక్సిల్ కూర్చునే చోటు) దగ్గర 51 మిల్లీమీటర్ల ఎడంతో రెండు రంధ్రాలున్న డిస్క్ ట్యాబ్. తక్కువ ధర మోడల్‌కి వీ-బ్రేకు, ఎక్కువ ధర మోడల్‌కి డిస్క్, ఫ్రేమ్ మాత్రం ఒక్కటే. అందుకే ఆ కాలపు ఫ్రేముల్లో ఏదో ఒక మౌంటు ఖాళీగా ఉండటం సర్వసాధారణం. మన దగ్గర అమ్ముడయ్యే చవక ఎంటీబీల్లో ఇప్పటికీ ఇలాంటివి కనిపిస్తాయి.

నిజంగా పనికిరావా?

కేవలం అందం కోసమైతే ఈ పనికి నేను మామూలుగా ఒప్పుకోను. రెండు స్టడ్‌లూ కలిపి పట్టుమని యాభై గ్రాములుండవు. కాలికి తగలవు, టైరుకి అడ్డం రావు. పైగా దూరాలు తిరిగేవాళ్లకి అవి ఒక భరోసా. అరకు దారిలోనో శ్రీశైలం ఘాట్‌లోనో హైడ్రాలిక్ బ్రేకు లీకయిందనుకోండి, దాంట్లో నూనె మార్చి గాలి తీసే సామాను చుట్టుపక్కల ఏ షాపులోనూ దొరక్కపోవచ్చు. వీ-బ్రేకు సెట్టూ కేబులూ మాత్రం మండల కేంద్రంలో ఉన్న సైకిల్ షాపులో కూడా దొరుకుతాయి. స్టడ్ ఉంటే సాయంత్రానికి మళ్లీ దారిన పడొచ్చు.

ఈ బండి సంగతి వేరు. ఓనర్ అప్పటికే చక్రాలు మార్చేశాడు. 26 అంగుళాల్లో మంచి టైర్లు దొరకడం కష్టమైపోయిందని 27.5 చక్రాలు వేసుకున్నాడు. రిమ్ లెక్కలో 26 అంటే 559 మిల్లీమీటర్ల వ్యాసం, 27.5 అంటే 584. రెంటికీ తేడా 25, అంటే యాక్సిల్ నుంచి రిమ్ అంచు 12.5 మిల్లీమీటర్లు దూరం జరిగింది. స్టడ్ మాత్రం పాత చోటే ఉంది. మామూలు వీ-బ్రేకు చేతిలో ప్యాడ్‌ని అంత పైకి జరిపే గాడి ఉండదు. ఇంకా అసలు విషయం, ఆ కొత్త రిమ్‌లు డిస్క్ కోసమే చేసినవి, ప్యాడ్ ఒరిసే చదును పక్కగోడ వాటికి లేనే లేదు. ఇప్పుడున్న బ్రేకు కూడా హైడ్రాలిక్ కాదు, కేబుల్‌తో నడిచే మెకానికల్ డిస్క్. తెగితే కేబుల్ మార్చుకుంటే సరి.

26 ఫ్రేములో 27.5 పడుతుందా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. టైరు సన్నబడితే పడుతుంది. పాత 26 × 2.3 టైరుతో చక్రం మొత్తం వ్యాసం సుమారు 675 మిల్లీమీటర్లు. ఆయన వేసిన 47 మిల్లీమీటర్ల 27.5 టైరుతో అది 678. పెడల్ ఎత్తు మారలేదు, స్టేల మధ్య ఖాళీ కూడా పెరిగింది. టైరుని ఇంతకంటే లావు చేస్తే లెక్క చెడుతుంది.

అంటే ఈ స్టడ్‌లకి తిరిగి పని దొరికే దారి లేదు. ఫ్రేమ్ ఎలాగూ పెయింట్‌కి వెళుతోంది. సరే, తీద్దాం అన్నాను.

ముందు ఫోర్క్, అది సులువు

ముందున్నది సస్పెన్షన్ ఫోర్క్. దాని స్టడ్‌లు మరతో బిగించినవి, మొదట్లో స్పానర్ పట్టే పలకలున్నాయి. మరకి వేసిన లాక్‌టైట్ జిగురు గట్టిపడి ఉంది. హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి చేసి, సరిగ్గా సరిపోయే స్పానర్‌తో తిప్పితే వచ్చేశాయి. ఖాళీ అయిన మరలో నీళ్లు నిలవకుండా గ్రీజు పూసిన చిన్న గ్రబ్ స్క్రూలు (తల లేని మరలు) బిగించాం. ఆ పని అంతే. ఫోర్కు కింది భాగం మెగ్నీషియం పోతతో చేసినదై, స్టడ్ అందులోనే కలిసి ఉంటే మాత్రం ఆకురాయి పట్టుకుని దాని జోలికి పోవద్దు.

అల్యూమినియం ఫ్రేముల్లో కూడా చాలావాటికి వెనక స్టడ్‌లు ఇలా మరతో వచ్చేవే. వెల్డ్ చేసినవైతే నేను ముట్టుకోను. అల్యూమినియం స్టీల్ కన్నా త్వరగా అలసిపోతుంది, చిన్న గాటు కూడా దాన్ని వేధిస్తుంది. కార్బన్ సంగతి చెప్పనక్కర్లేదు.

వెనక స్టడ్: కోసే ముందు చూసినవి

స్టీల్ ఫ్రేముకి స్టడ్‌ని రెండు రకాలుగా అతికిస్తారు. ఒకటి రెండు లోహాలనీ కరిగించి కలిపే టిగ్ వెల్డింగ్, రెండోది ఇత్తడితోనో వెండి కలిసిన పూతతోనో చేసే బ్రేజింగ్. పెయింట్ కింద ఏది ఉందో పైనుంచి చూస్తే తెలియదు. కుడి స్టడ్ చుట్టూ పెయింట్ గీకితే టిగ్ వెల్డింగ్ అలలు కనిపించాయి. ఎడమవైపు అలలు లేవు, నున్నగా ఉంది. ఫ్యాక్టరీలో ఆ వైపు ఎవరైనా సాపు చేసి ఉంటారని మొదట అనిపించింది. మనసులో పెట్టుకుని ముందుకెళ్లాను.

తర్వాత లోతు. ఈ పనిలో చాలామంది చూడని సంగతి ఇదే. స్టడ్ లోపలి ఎం6 రంధ్రం పిన్ను పొడవుతోనే ఆగాలని లేదు, మొదలు దాకా దిగి ఉండొచ్చు. అలా దిగి ఉంటే కోసిన తర్వాత మిగిలిన చోట ఒక గుంట తేలుతుంది. దాంట్లో నూనె, తుప్పు, తేమ ఉంటాయి. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో అవి వేడెక్కి బుడగలు లేపుతాయి. పాత స్పోక్ ఒకటి రంధ్రంలో పెట్టి, అంచు దగ్గర గోటితో పట్టుకుని బయటికి తీసి కొలిస్తే చాలు, లోతు తెలుస్తుంది. కుడి స్టడ్‌లో స్పోక్ పిన్ను దాటి ఇంకో నాలుగు మిల్లీమీటర్లు దిగింది. ఎడమదాంట్లో పిన్నుతో పాటే ఆగిపోయింది.

ఒకే ఫ్రేము, ఒకే ఫ్యాక్టరీ, ఒకేసారి వేసిన జత స్టడ్‌లు. లోతుల్లో ఇంత తేడా ఉండకూడదు.

వర్నియర్ తీసుకున్నాను. కుడి సీట్‌స్టే ఎటువైపు కొలిచినా 16 మిల్లీమీటర్లే. ఎడమది స్టడ్‌కి కాస్త కింద ఒక దిక్కున 15.6, దానికి అడ్డంగా 16.3. కంటికి కనపడదు గానీ గుండ్రం పోయింది. గోడ మందం తెలియడానికి సీట్‌స్టే అడుగున వెల్డింగప్పుడు గాలి పోవడానికి వదిలిన చిన్న రంధ్రంలో వంచిన తీగ కొక్కెం పెట్టి కొలిచాను. సుమారు 0.9. అక్కడి మందమే పైన కూడా ఉంటుందని ఖాయంగా అనుకోకూడదు, తక్కువే ఉండొచ్చని పెట్టుకుని పనిచేయాలి.

0.9 మిల్లీమీటర్ల గోడ మీద ఆకురాయి 0.2 లోపలికి పోయిందంటే ఆ చోట అయిదో వంతుకు పైగా లోహం పోయినట్టే. ఇలాంటి పనిలో నా లెక్క మొత్తం ఈ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. తీయాల్సింది స్టడ్‌ని. ట్యూబ్‌ మీద ఒక్క గీత కూడా పడకూడదు.

గ్యాస్ వద్దు, గ్రైండర్ కొంతవరకే

"గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి పట్టకారుతో లాగితే ఊడొస్తుంది" అని ఓనర్‌కి ఎవరో వెల్డర్ చెప్పాడట. టిగ్ చేసిన స్టడ్ అలా ఊడదు. అక్కడ పూత అంటూ ఏమీ లేదు, రెండు లోహాలూ కరిగి ఒకటైపోయాయి. బ్రేజింగ్ చేసినదైతే ఊడుతుంది గానీ ఇత్తడి పారాలంటే 900 డిగ్రీలకి అటూ ఇటూగా వేడి కావాలి. అంత వేడిలో, కరిగిన ఇత్తడి తడిసి ఉన్నప్పుడు ట్యూబ్‌ని లాగితే, ఇత్తడి స్టీల్ రేణువుల సందుల్లోకి జొరబడి పగుళ్లు తెస్తుంది. బయటికి కనపడదు. ఏ గతుకులోనో తెగాకే తెలుస్తుంది. వెండి పూత 620 నుంచి 700 డిగ్రీల మధ్యే పారుతుంది కాబట్టి ఆ ముప్పు తక్కువ. కానీ పెయింట్ కింద ఉన్నది వెండో ఇత్తడో ముందే ఎలా చెబుతాం?

యాంగిల్ గ్రైండర్ మీద ఆయనకి మోజు. "రెండు నిమిషాల పని కదన్నా" అన్నాడు. "ఆ రెండు నిమిషాల్లో చెయ్యి జారడానికి అర సెకను చాలు తమ్ముడూ" అన్నాను. పిన్ను బయటి సగం, ట్యూబ్‌కి దూరంగా ఉన్నంతవరకు గ్రైండర్‌తో కోసినా ఇబ్బంది లేదు. ట్యూబ్ దగ్గరికొచ్చే కొద్దీ చేతి పని తప్ప ఇంకోటి పెట్టను. గ్రైండర్ డిస్క్ అంచు ట్యూబ్‌ని తాకితే అడ్డంగా గాటు పడుతుంది. సీట్‌స్టే వంగేటప్పుడు ఒత్తిడి నిలువుగా నడుస్తుంది కాబట్టి అడ్డగాటు కన్నా చెడ్డది లేదు.

కోత

ఫ్రేముని పాత స్టీల్ సీట్‌పోస్ట్ పట్టుకుని స్టాండుకి బిగించాం. బెంచ్ వైస్‌లో ట్యూబ్‌ని బిగిస్తే నొక్కుపడిపోతుంది, అలా చేయొద్దు. స్టడ్‌కి పైనా కిందా ట్యూబ్ చుట్టూ కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించిన రేకు చుట్టి, మీద మాస్కింగ్ టేప్ రెండు పొరలు వేశాం. ఆకురాయి దారి తప్పితే ముందు రేకు మీద గరుకు శబ్దం వినపడుతుంది, చెయ్యి అక్కడే ఆగుతుంది.

అంగుళానికి 32 పళ్లున్న హాక్‌సా బ్లేడుతో పిన్నునీ పలకనీ కలిపి కోశాను. ట్యూబ్ నుంచి మూడు మిల్లీమీటర్లు వదిలి, ట్యూబ్‌కి సమాంతరంగా. ముతక బ్లేడు ఇక్కడ పనికిరాదు, పళ్లు పట్టుకుని బ్లేడు ఎగురుతుంది. అక్కడి నుంచి ముందు చదును ఆకురాయి, తర్వాత అర్ధచంద్ర ఆకురాయి, చివరికి సన్న రకం. మిగిలిన మొదలు మీద పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూస్తే ఆకురాయి ఎక్కడ తింటోందో, ఎక్కడ తినట్లేదో ప్రతి రెండు మూడు దెబ్బలకీ తెలుస్తుంది. మొదలు మీది నలుపు పోవాలి. దాని చుట్టూ ట్యూబ్ మీద పూసిన నలుపు మాత్రం పోకూడదు.

కుడివైపు అనుకున్నట్టే వచ్చింది. రెండు మిల్లీమీటర్ల దాకా దిగాక కూడా మధ్యలో ఎం6 గుంట అలాగే ఉంది, చుట్టూ అంతా ఒకే తెలుపు లోహం.

ఎడమవైపు మూడు నుంచి రెండున్నరకి దిగేసరికి అంచు చుట్టూ సన్నటి పసుపు గీత తేలింది. ఇత్తడి. అప్పుడు కథ అర్థమైంది. ఆ వైపు స్టడ్ ఎప్పుడో విరిగిందో, పీకేశారో. ఎవరో దాని స్థానంలో వేరే స్టడ్ తెచ్చి ఇత్తడితో అతికారు. టిగ్ అలలు లేకపోవడం, రంధ్రం లోతు తేడా, ట్యూబ్ గుండ్రం పోవడం అన్నీ ఒక్కచోటికి చేరాయి. ఓనర్‌కి ఈ సంగతి తెలియదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి మరి. అతికినవాడి పనితనానికి వంక పెట్టలేను, ఇత్తడి చుట్టూ సమంగా పారింది, ఎక్కడా ఖాళీ లేదు.

ఎక్కడ ఆపాలి

ఇక్కడ పని స్వరూపమే మారిపోయింది. పాత స్టడ్ పోయినప్పుడు కింద ట్యూబ్‌కి ఏమైందో బయటి నుంచి చెప్పలేం. వెల్డుతో పాటు ట్యూబ్ గోడలో ముక్క లేచొచ్చి ఉండొచ్చు. అతికే ముందు ఎవరో రాపిడి పట్టి గోడ పల్చన చేసి ఉండొచ్చు. అలా జరిగి ఉంటే కొత్త స్టడ్ మొదలే అక్కడ చొక్కాకి వేసిన మాసికలా పనిచేస్తోంది. దాన్ని నున్నగా లేపేస్తే కింద ఉన్న చిరుగు బయటపడుతుంది.

పైగా అది ఎడమవైపు. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు కాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్‌లతో నొక్కే భాగం) మీది తోపుడంతా ఎడమ డ్రాపౌట్ దగ్గరి ట్యాబ్ ద్వారా ఎడమ సీట్‌స్టేలోకే పోతుంది. వీ-బ్రేకు రోజుల్లో రెండు స్టేలూ పంచుకున్న బరువు ఇప్పుడు ఒక్కటే మోస్తుంది. ఇలాంటి ఫ్రేముల్లో డిస్క్ ట్యాబ్ పై కొస దగ్గరే సీట్‌స్టే ఎక్కువగా వంగాలని చూస్తుంది. స్టడ్ దానికి పైన ఉంది కాబట్టి భారం కొంత తగ్గే చోటే, అయినా భారం లేని చోటు కాదు.

కాబట్టి ఎడమవైపు రెండు మిల్లీమీటర్ల మందం బిళ్లని వదిలేయాలని తేల్చుకున్నాను. దాని అంచులు మాత్రం నిలువుగా, పైకీ కిందికీ, ఇత్తడి దాకా వాలుగా దింపాను. నిటారు అంచుంటే ఒత్తిడి అక్కడే పోగవుతుంది, వాలుంటే సర్దుకుంటుంది. ఇత్తడి స్టీల్ కన్నా మెత్తన, ఆకురాయి దాన్ని వేగంగా తింటుంది. అందుకే చివర్లో ఆకురాయి పక్కనపెట్టి, సన్నటి ఎమరీ గుడ్డ పట్టీతో ట్యూబ్ పొడవునా, నిలువుగా మాత్రమే లాగాను. చెప్పులు కుట్టేవాళ్ల పాలిష్ పద్ధతిలో పట్టీని ట్యూబ్ చుట్టూ అడ్డంగా లాగితే నున్నగా వస్తుంది, తొందరగా కూడా అవుతుంది. కానీ అది మిగిల్చే గీతలన్నీ అడ్డగీతలే.

ఓనర్‌కి కాస్త నిరాశే. స్టడ్ ఎన్నడూ లేనట్టు ఉండాలని కదా ఆయన కోరిక. "కుడిది పూర్తిగా తీసేసి, ఎడమది ఇలా వదిలితే చూడ్డానికి బాగోదు" అన్నాడు. నిజమే, బాగోదు. అందుకని కుడివైపు కూడా అదే మందం, అదే వాలుతో బిళ్ల వదిలాం. మంచి వైపుని దెబ్బతిన్న వైపుతో సమానం చేయడం వృథా అనిపించొచ్చు. నాకైతే కుడివైపు కూడా అదే నయం. టిగ్ వెల్డు వేడికి చుట్టూ ఉన్న లోహం గుణం ఎలాగూ మారి ఉంటుంది, అక్కడ కాస్త మందం ఎక్కువుంటే నష్టమేం లేదు. రంగు పడ్డాక ఆ రెండు బిళ్లలూ డిజైన్‌లో భాగంలాగే కనిపిస్తాయి.

తర్వాత పగుళ్ల పరీక్ష. బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ సామాను అమ్మే చోట డై పెనట్రెంట్ డబ్బాలు దొరుకుతాయి. శుభ్రం చేసేది ఒకటి, ఎర్ర రంగు ఒకటి, తెల్ల డెవలపర్ ఒకటి. ఎర్రరంగు కొట్టి సన్న పగుళ్లలోకి దిగేదాకా ఆగి, పైది పూర్తిగా తుడిచి, తెల్లది కొడితే, పగులున్న చోట ఎరుపు తిరిగి పైకి ఊరుతుంది. రెండు బిళ్లల చుట్టూ, ఎడమ స్టే గుండ్రం పోయిన చోట, డిస్క్ ట్యాబ్ వెల్డుల వెంట అంతా చూశాం. తెల్లగానే ఉంది. ఎక్కడైనా ఎర్ర గీత తేలి ఉంటే పని అక్కడితో ఆపి, కొత్త సీట్‌స్టే వేయించమనేవాడిని. అది వేరే ఖర్చు, వేరే చెయ్యి.

గుంట, పుట్టీ, ఓవెన్

కుడి బిళ్లలో మిగిలిన ఎం6 గుంటని పూడ్చాలి. కారు పెయింటింగ్ షాపుల్లో వాడే పుట్టీ స్ప్రే పెయింట్‌కి బాగుంటుంది. పౌడర్ కోటింగ్ ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీల దాకా వెళుతుంది, ఆ వేడికి మామూలు పుట్టీ నిలబడదు. ఎలక్ట్రానిక్స్ వాళ్ల సీసం-తగరం సోల్డర్‌తో పూడుద్దామనే సలహా కూడా వచ్చింది. అది 183 డిగ్రీలకే కరుగుతుంది, ఓవెన్‌లో కారిపోతుంది. గుంటని థిన్నర్‌తో కడిగి, మరలో ఇరుక్కున్న పాత గ్రీజు సూదితో గీకి, బాగా ఆరాక, వేడికి తట్టుకునే మెటల్ ఎపాక్సీతో నింపాం. గట్టిపడ్డాక చదును చేశాం. దానికి బలంతో పని లేదు, నీళ్లు నిలవకుండా ఉంటే చాలు.

పౌడర్ కోటింగ్‌కి పంపేటప్పుడు ఒక కాగితం రాసి ఫ్రేముకి కట్టాను. బ్లాస్టింగ్ (పాత రంగు పోయేలా గాలితో గరుకు పొడి కొట్టడం) సన్న రకంతో చేయాలి, సీట్‌స్టేల మీద ఒకేచోట తుపాకీ నిలపొద్దు. బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం) మరలు, హెడ్‌ట్యూబ్ లోపలి అంచులు, డిస్క్ ట్యాబ్ రెండు ముఖాలు మూసేయాలి. ట్యాబ్ ముఖం మీద రంగు మందంగా పడితే కాలిపర్ నిటారుగా కూర్చోదు, రోటర్ (చక్రంతో పాటు తిరిగే డిస్క్) ఒక ప్యాడ్‌కి ఒరుస్తుంది. చాలామంది అప్పుడు బ్రేకుని తిట్టుకుంటారు.

ఫ్రేము మీద ఇంకొన్ని పాత అవశేషాలున్నాయి. టాప్‌ట్యూబ్ మీద వెనక బ్రేకు కేబుల్ ఆపే స్టాపులు, సీట్‌స్టేల మధ్య బ్రిడ్జి. వీటిని కూడా తీసేద్దామా అన్నాడు. స్టాపులు ఇప్పటికీ పనికొస్తాయి, ఆయన డిస్క్ కేబుల్‌తోనే నడుస్తుంది కదా. రేపు హైడ్రాలిక్ వేసుకున్నా ఆ స్టాపుల్లోకి దిగే ప్లాస్టిక్ క్లిప్పులు దొరుకుతాయి, హోస్ వాటిలోనే పోతుంది. బ్రిడ్జికి వర్షాకాలం మడ్‌గార్డు బిగించుకోవచ్చు. పైగా అది రెండు స్టేలనీ కలిపి పట్టుకుంటుంది, దాన్ని కోయడమనే మాటే లేదు.

ఇలాంటి పని అడిగేవాళ్లలో కొందరు 1980ల చివరి ఫ్రేములు తెస్తారు. వాటిలో వెనక బ్రేకు సీట్‌స్టే మీద కాకుండా చైన్‌స్టేల (బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే ట్యూబులు) కింద, బాటమ్ బ్రాకెట్ వెనకాల ఉండేది, దాన్ని యూ-బ్రేకు అనేవారు. బురదంతా అక్కడే పోగవుతుందని కొన్నేళ్లకే ఆ పద్ధతి పోయింది. దాని స్టడ్‌లని తీయమంటే ఒప్పుకోను. సీట్‌స్టే మధ్యభాగం వేరు, బాటమ్ బ్రాకెట్ పక్కన చైన్‌స్టే వేరు. ప్రతి పెడల్ తొక్కుకీ మెలిపడే చోటది. అక్కడ గ్రీజు పూసిన బోల్టు బిగించి, వాడని పిన్నులకి రబ్బరు టోపీ పెట్టుకోమంటాను.

బిగించాక

ఫ్రేము తిరిగొచ్చాక సీట్‌స్టేల అడుగు రంధ్రాల్లోంచి ఉడికించిన అవిసె నూనె పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పి లోపలంతా తడిపి, మిగిలింది కార్చేశాం. ఓవెన్ వేడి తిన్న ట్యూబ్ లోపలి గోడలకి ఇంకే రక్షణా లేదు, మన వానల్లో ఇది తప్పనిసరి. డిస్క్ ట్యాబ్ ముఖాలు ఒకసారి శుభ్రం చేసి కాలిపర్ బిగించాం. 160 మిల్లీమీటర్ల రోటర్‌ని 180కి పెంచుతానన్నాడు, వద్దన్నాను. ఈ ఎడమ సీట్‌స్టే చరిత్ర తెలిశాక దాని మీద తోపుడు పెంచడం నాకిష్టం లేదు. అనంతగిరి దిగడానికి 160 చాలు.

డిస్క్ ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ ఎడమ బిళ్ల అంచుల్నీ ట్యాబ్ పై కొసనీ తడిగుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా వేసి చూడమని చెప్పాను. స్టీల్ పగిలే ముందు రంగు మీద వెంట్రుకంత గీత వేస్తుంది, వానాకాలమైతే ఆ గీతలోంచి తుప్పు చార దిగుతుంది. ఇది కనపడాలంటే రంగు లేతగా ఉండాలి. ఆయన మొదట మ్యాట్ బ్లాక్ అడిగాడు. ఆ కాగితం కట్టి పంపేటప్పుడే దాని మీద వాదన అయింది. చివరికి ఫ్రేముకి లేత బూడిద రంగు, ఫోర్కుకి ఆయన కోరుకున్న నలుపు.